పన్నెండు జట్లు, ఒకే కోర్టు, మూడు రోజులు: బాస్కెట్‌బాల్ టోర్నమెంట్‌ను ఎలా నడపాలి?

నీలగిరి కోర్టు:
అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో నల్గొండలో బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ పెట్టాలని మేం కొందరు పాత ఆటగాళ్లం అనుకుంటున్నాం. అబ్బాయిల జట్లు పన్నెండు, అమ్మాయిల జట్లు నాలుగు వస్తామన్నాయి. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట, కోదాడ సరే, ఈసారి జడ్చర్ల, మహబూబ్‌నగర్, వనపర్తి వాళ్లు కూడా ఉత్సాహంగా ఉన్నారు. మా చేతిలో ఉన్నది ఒకే సిమెంటు కోర్టు. ఫ్లడ్‌లైట్లు లేవు కాబట్టి వెలుతురు ఉన్నంతసేపే ఆట. మూడు రోజుల్లో ముగించాలి.

మాలో సగం మంది నాకౌట్ (ఒక్కసారి ఓడితే బయటికే) అంటున్నారు, సగం మంది లీగ్ (ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఆడటం) అంటున్నారు. నాకున్న పట్టుదల ఒకటే. మహబూబ్‌నగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా బస్సులో వచ్చిన పిల్లలు ఒక్క మ్యాచ్ ఓడి మధ్యాహ్నానికే తిరుగు బస్సు ఎక్కకూడదు. ఇది కుదిరే పద్ధతి ఏదైనా ఉందా?

కోదాడ ఫార్వర్డ్:
అన్నా, నా ఓటు నాకౌట్‌కే. ఓడితే ఇంటికే అని తెలిసినప్పుడు ఆడే ఆట వేరుగా ఉంటుంది. అమెరికా కళాశాలల టోర్నమెంట్ చూడండి. 1939లో ఎనిమిది జట్లతో మొదలైంది, 2011లో 68 జట్లకు పెరిగింది. ఇప్పటికీ ఒక్క ఓటమితో కథ ముగిసినట్టే. 2018లో పదహారో సీడ్‌గా (సీడ్ అంటే బలాన్ని బట్టి పోటీకి ముందే ఇచ్చే ర్యాంకు) వచ్చిన మేరీల్యాండ్ బాల్టిమోర్ కౌంటీ విశ్వవిద్యాలయం మొదటి సీడ్ వర్జీనియాను 74–54తో ఓడించింది. పురుషుల పోటీల్లో అంతకుముందు ఏ పదహారో సీడూ ఆ పని చేయలేదు. చిన్న ఊరి జట్టుకు పెద్ద జట్టును పడగొట్టే అవకాశం నాకౌట్‌లోనే ఎక్కువ. ఏడు మ్యాచ్‌ల సిరీస్ పెడితే చివరికి బలమైన జట్టే గెలుస్తుంది. పైగా మ్యాచ్‌లు తక్కువ, ఖర్చూ తక్కువ.

పాలమూరు పీఈటీ:
తమ్ముడూ, నువ్వు చెప్పిన ఉత్కంఠను నేను కాదనను. కానీ లెక్క చూద్దాం. నాకౌట్‌లో ఒక్కో మ్యాచ్ ఒక్కో జట్టును బయటికి పంపుతుంది. విజేత తప్ప అందరూ ఒకసారి ఓడాలి కాబట్టి పన్నెండు జట్లకు పదకొండు మ్యాచ్‌లు. అమెరికా పోటీలో 68 జట్లకు 67 మ్యాచ్‌లు జరిగేదీ ఇందుకే. రౌండ్ రౌండ్‌కూ జట్లు సరిగ్గా సగం కావాలంటే 4, 8, 16 లాంటి సంఖ్య కావాలి, పన్నెండు తరువాత అలాంటిది పదహారు కనుక నాలుగు జట్లకు బై ఇవ్వాలి, అంటే తొలి రౌండ్ ఆడకుండానే ముందుకు పంపాలి. తొలి రౌండ్‌లో ఆడే ఎనిమిదింటిలో నాలుగు అక్కడే ఆగిపోతాయి. బై వచ్చిన నాలుగూ క్వార్టర్ ఫైనల్లో తమ మొదటి మ్యాచే ఓడితే అవీ ఇంటికే. అంటే పన్నెండింటిలో కనీసం నాలుగు, దురదృష్టం పడితే ఎనిమిది జట్లు ఒక్క మ్యాచ్‌తోనే వెనుదిరుగుతాయి. అమెరికాలో ఆ 68 జట్లు అంతకుముందు నెలల తరబడి లీగ్ ఆడి వస్తాయి. మన పిల్లలకు ఏడాది మొత్తంలో బయటి జట్టుతో ఆడే అవకాశం ఈ మూడు రోజులే.

ఇక పూర్తి లీగ్. జట్ల సంఖ్యను అందులో ఒకటి తక్కువతో హెచ్చించి సగం చేస్తే మ్యాచ్‌ల సంఖ్య వస్తుంది. పన్నెండు జట్లకు 66. ఒక కోర్టు మీద అది జరిగే పని కాదు.

కాబట్టి మధ్యమార్గం. మూడేసి జట్లతో నాలుగు గ్రూపులు చేసి, ప్రతి గ్రూపు నుంచి రెండేసి జట్లను క్వార్టర్ ఫైనల్‌కు తీసుకోండి. గ్రూపు మ్యాచ్‌లు 12, క్వార్టర్లు 4, సెమీస్ 2, మూడో స్థానానికి 1, ఫైనల్ 1. మొత్తం 20. ప్రతి జట్టుకూ రెండు మ్యాచ్‌లు ఖాయం. ఒలింపిక్స్‌లోనూ పన్నెండు జట్లే ఆడతాయి. అక్కడ నాలుగేసి జట్లతో మూడు గ్రూపులు పెట్టి, ప్రతి గ్రూపు నుంచి రెండు జట్లను, మూడో స్థానాల్లో మెరుగైన రెండింటిని క్వార్టర్స్‌కు పంపుతారు. ఆ పద్ధతిలో గ్రూపు మ్యాచ్‌లే 18 అవుతాయి. మీ వెలుతురు సరిపోదు.

గద్వాల విజిల్:
పీఈటీ సార్ లెక్క సరైనది. అయితే ఒక మ్యాచ్‌కు ఎంత సమయం పడుతుందో ముందు తేల్చుకోండి. అంతర్జాతీయ నియమాల ప్రకారం పది నిమిషాల క్వార్టర్లు నాలుగు. వినడానికి నలభై నిమిషాలే. కానీ విజిల్ మోగిన ప్రతిసారీ గడియారం ఆగుతుంది. ఫౌల్, బంతి బయటికి పోవడం, ఫ్రీ త్రోలు, టైమ్ అవుట్లు, మధ్యలో పదిహేను నిమిషాల విరామం అన్నీ కలిపితే గంటన్నర దాటుతుంది. అలా ఆడితే రోజుకు ఏడు మ్యాచ్‌లు కూడా పూర్తి కావు.

స్థానిక పోటీల్లో మేం చేసేది ఇది. ఎనిమిది నిమిషాల క్వార్టర్లు, గడియారం ఆగకుండా నడుస్తుంది. టైమ్ అవుట్‌కూ, ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడూ ఆపుతాం. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాలు మాత్రం ప్రతి విజిల్‌కూ ఆపుతాం, ఎందుకంటే మ్యాచ్‌లు మారేది అక్కడే. విరామం ఐదు నిమిషాలు. ఇలా అయితే యాభై నిమిషాల్లో ముగుస్తుంది. గంటకొక మ్యాచ్ అనుకోండి. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు వరకు, మధ్యాహ్నం ఒక గంట వదిలితే, రోజుకు పది. ఫైనళ్లు మాత్రం పూర్తి నియమాలతో ఆడించండి. పిల్లలు పది నిమిషాల క్వార్టర్ బరువు ఏమిటో ఒక్కసారైనా అనుభవించాలి.

దేవరకొండ గార్డ్:
అమ్మాయిల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను. నాలుగు జట్లకు లీగ్ అంటే ఆరు మ్యాచ్‌లు, మొదటి రెండు జట్లకు ఫైనల్. మొత్తం ఏడే. ఇరవై, ఏడు కలిపితే 27. రోజుకు పది చొప్పున మీకు 30 స్థానాలు ఉన్నాయి. స్థలం లేదని మాత్రం ఎవరూ అనవద్దు.

నా అభ్యర్థన సమయం గురించి. చాలా టోర్నమెంట్లలో అమ్మాయిల మ్యాచ్‌లను పన్నెండు గంటల ఎండలోకో, ఎవరూ రాని తెల్లవారుజాముకో నెట్టేస్తారు. సిమెంటు కోర్టు మీద మిట్టమధ్యాహ్నం జనవరిలో కూడా కాళ్లు మండుతాయి. అలాగని సాయంత్రం చివర పెడితే చీకటి పడ్డాక బస్సు కోసం నిలబడాలి, ఇంట్లో వాళ్లు మరుసటి రోజు పంపరు. ఉదయం తొమ్మిది, పది గంటల స్థానాలు అమ్మాయిలకు ఇవ్వండి. ఫైనల్ మాత్రం అబ్బాయిల ఫైనల్‌కు ముందు, జనం ఉన్నప్పుడు పెట్టండి. అదే మైకు, అదే బహుమతి వేదిక, అంతే బహుమతి. బంతి మాత్రం వేరు: అమ్మాయిలకు ఆరో సైజు, అబ్బాయిలకు ఏడో సైజు. ఏడో సైజు బంతి ఇచ్చి సర్దుకోమనడం మాకు చాలా చోట్ల ఎదురైంది.

నీలగిరి కోర్టు:
అక్కా, తొమ్మిది, పది స్థానాలు మీవే. ఆరో సైజు బంతులు రెండు కొత్తవి తెస్తాం. ఫైనల్ సంగతి కూడా మీరు చెప్పినట్టే.

పీఈటీ సార్, మూడు జట్ల గ్రూపులో నాకొక భయం ఉంది. ఒకరిని ఒకరు ఓడించుకుని ముగ్గురూ ఒక్కో మ్యాచ్ గెలిస్తే ఎవరిని పంపాలి?

గద్వాల విజిల్:
ఆ భయం సరైనదే. నేను విజిల్ ఊదిన ఒక టోర్నమెంట్‌లో సరిగ్గా ఇదే జరిగింది. నియమం ముందుగా రాసుకోలేదు. నిర్వాహకులు చీటీలు తీశారు. చీటీలో పోయిన జట్టు పిల్లలు కోర్టు మధ్యలో కూర్చుని లేవలేదు. వాళ్లు ఆటలో ఓడి బయటికి పోలేదు కదా.

స్కోరుబల్ల:
దీనికి అంతర్జాతీయ సమాఖ్య నియమం స్పష్టంగా ఉంది, కాగితం మీద ముద్రించి కోర్టు దగ్గర అంటించండి. గెలిస్తే గ్రూపు పట్టికలో 2 పాయింట్లు, ఓడితే 1, మ్యాచ్‌కు రాకపోతే 0. వచ్చి పోరాడి ఓడిన జట్టుకు కూడా ఒక పాయింట్ ఉండటం నాకు ఈ ఆటలో ఎంతో నచ్చే సంగతి.

పట్టికలో పాయింట్లు సమానమైతే, సమానమైన జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లను మాత్రమే చూడాలి. రెండే జట్లు సమానమైతే వాటి మధ్య గెలిచినదే పైన. మూడు సమానమైతే ఆ మ్యాచ్‌లలో వేసిన పాయింట్లకూ ఇచ్చిన పాయింట్లకూ తేడా. అదీ సమానమైతే ఆ మ్యాచ్‌లలో ఎక్కువ పాయింట్లు వేసినది. అప్పటికీ తేలకపోతేనే గ్రూపులోని అన్ని మ్యాచ్‌ల తేడా, ఆ తరువాత అన్ని మ్యాచ్‌లలో వేసిన పాయింట్లు. చీటీ అన్నిటికన్నా చివర.

ఒక ఊహా లెక్క వేస్తాను. నల్గొండ 48–40తో మిర్యాలగూడను ఓడించింది. మిర్యాలగూడ 55–52తో దేవరకొండను ఓడించింది. దేవరకొండ 44–39తో నల్గొండను ఓడించింది. ముగ్గురికీ మూడేసి పాయింట్లు. ఇప్పుడు తేడా చూడండి. నల్గొండకు ఒక మ్యాచ్‌లో 8 ఎక్కువ, ఇంకో దాంట్లో 5 తక్కువ, కలిపి +3. దేవరకొండకు 5 ఎక్కువ, 3 తక్కువ, కలిపి +2. మిర్యాలగూడకు −5. నల్గొండ మొదటిది, దేవరకొండ రెండోది, మిర్యాలగూడ బయటికి. మూడు తేడాలూ కూడితే సున్నా రావాలి, రాకపోతే స్కోరు షీటులో ఎక్కడో తప్పు దొర్లినట్టు.

అదే చివరి మ్యాచ్‌లో దేవరకొండ ఇంకొక్క ఫ్రీ త్రో వేసి 45–39తో గెలిచి ఉంటే? దేవరకొండ +3, నల్గొండ +2. గ్రూపు మొదటి స్థానం చేతులు మారేది. అందుకే గెలుపు ఖాయమైన తరువాత కూడా చివరి క్షణం వరకు ఆడాలని పిల్లలకు ముందే చెప్పండి. ఓడుతున్న జట్టుకు ఇది ఇంకా ముఖ్యం. పన్నెండు పాయింట్ల వెనుకబాటును ఆరుకు తగ్గించినా అది రేపటి మ్యాచ్‌కు పనికొస్తుంది.

కోదాడ ఫార్వర్డ్:
ఇది ఇంత లోతుగా ఉంటుందని అనుకోలేదు. మరి ఒక సందేహం. ఒక జట్టు ఆరు పాయింట్ల తేడాతో గెలవాలి, రెండు పాయింట్లే ముందుంది, ఐదు సెకన్లే మిగిలాయి అనుకుందాం. కావాలని తమ బుట్టలోనే బంతి వేసుకుని స్కోరు సమం చేసి, అదనపు సమయంలో తేడా పెంచుకోవచ్చు కదా?

గద్వాల విజిల్:
కుదరదు. ఆటగాడు ఉద్దేశపూర్వకంగా తన సొంత బుట్టలో వేస్తే అది ఉల్లంఘన, ఆ పాయింట్లు లెక్కకు రావు, బంతి ఎదుటి జట్టుకు పోతుంది. పొరపాటున తగిలి పడితే మాత్రం ఎదుటి జట్టు కెప్టెన్ ఖాతాలో రాస్తారు. బాస్కెట్‌బాల్‌లో డ్రా ఉండదు కాబట్టి సమమైతే ఐదు నిమిషాల అదనపు సమయం, అప్పటికీ తేలకపోతే మరో ఐదు. మీ పట్టికలో దానికి కూడా కొంత ఊపిరి వదలండి, వెనుక మ్యాచ్ ఆలస్యమవుతుంది.

ఇంకో మాట. బంతి దొరికిన జట్టు 24 సెకన్లలోపు షాట్ వేయాలి, ఆ సమయాన్ని చూపే 24 సెకన్ల గడియారం మీ దగ్గర ఉండకపోవచ్చు. అది లేకపోతే ముందున్న జట్టు బంతిని చేతులు మార్చుకుంటూ కాలం గడుపుతుంది, చూసేవాళ్లకు విసుగు, వెనుకున్న జట్టుకు అన్యాయం. ఒక కుర్రాడికి స్టాప్‌వాచ్ ఇచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టండి, చివరి పది సెకన్లు గట్టిగా లెక్కపెట్టమనండి. షాట్ రింగుకు తగిలి దాడి చేసే జట్టుకే మళ్లీ బంతి దొరికితే 14 సెకన్లు. చాలా జట్లకు ఈ 14 సంగతి తెలియదు, మ్యాచ్‌కు ముందు కెప్టెన్లను పిలిచి చెప్పండి.

పాలమూరు పీఈటీ:
మూడు జట్ల గ్రూపులో మ్యాచ్‌ల వరుస చాలా ముఖ్యం. మొదట ఒకటో జట్టు, రెండో జట్టు ఆడతాయి. గెలిచిన జట్టును మూడో జట్టుతో ఆడించండి. ఓడిన జట్టు చివరి మ్యాచ్‌లో మూడో జట్టుతో ఆడుతుంది. ఎందుకంటారా? మొదటి మ్యాచ్ గెలిచినవాళ్లు రెండోది కూడా గెలిస్తే వాళ్లు గ్రూపు విజేతలు, మిగిలిన ఇద్దరికీ గెలుపు లేదు, చివరి మ్యాచ్ వాళ్లిద్దరికీ చావోరేవో. మూడో జట్టు గెలిస్తే, మొదట ఓడినవాళ్లకు ఇంకా ఆశ ఉంటుంది. ఓడినవాళ్లను వెంటనే మూడో జట్టుతో ఆడించారనుకోండి, రెండూ ఓడితే చివరి మ్యాచ్ నాటికి ఎవరు ముందుకు పోతారో తేలిపోయి ఉంటుంది, ఆట చప్పబడుతుంది.

ఇందులో మీ దూరపు జట్లకు ఒక మేలు ఉంది. మూడో జట్టుకు మొదటి రోజు మధ్యాహ్నం తరువాతే మ్యాచ్. మహబూబ్‌నగర్, వనపర్తి, జడ్చర్ల జట్లను, సూర్యాపేట అవతలి వాళ్లను మూడో స్థానంలో పెట్టండి. ఉదయం బస్సు ఎక్కినా అందుతారు. మొదట ఓడిన జట్టుకు మరుసటి ఉదయం దాకా ఆట లేదు, అది దగ్గరి ఊరిదైతే ఇంటికెళ్లి రావచ్చు.

నీలగిరి కోర్టు:
సార్, ఇదే నేను వెతుకుతున్నది. అయితే గ్రూపులు ఎలా పంచాలి? బలమైన జట్లన్నీ ఒకే గ్రూపులో పడితే?

పాలమూరు పీఈటీ:
పన్నెండు జట్లనూ మూడు వరుసలుగా విడదీయండి. కిందటి పోటీల్లో బాగా ఆడిన నాలుగు మొదటి వరుస, అవి నాలుగు గ్రూపులకు ఒక్కొక్కటి. దూరం నుంచి వచ్చే నాలుగు మూడో వరుస. మిగిలినవి రెండో వరుస. ప్రతి వరుస నుంచి కెప్టెన్లందరి ముందు చీటీలు తీయండి. దూరపు జట్టు బలమైనదైతే రెండు కారణాలూ ఢీకొంటాయి, అప్పుడు నా మాట ఏమిటంటే బలాన్ని పక్కనపెట్టి ప్రయాణాన్నే చూడండి.

నాలుగు గ్రూపులకూ ఏ, బి, సి, డి అని పేర్లు పెట్టుకుంటే, క్వార్టర్ ఫైనల్స్‌లో ‘ఏ’ గ్రూపు మొదటి జట్టుకు బి గ్రూపు రెండో జట్టు, సి మొదటి జట్టుకు డి రెండో జట్టు. ఈ రెండూ పైసగం. బి మొదటి జట్టుకు ‘ఏ’ రెండో జట్టు, డి మొదటి జట్టుకు సి రెండో జట్టు. ఈ రెండూ కింది సగం. ఇలా చేస్తే ఒకే గ్రూపులో ఆడిన ఇద్దరు ఫైనల్లోనో, మూడో స్థానం మ్యాచ్‌లోనో తప్ప మళ్లీ ఎదురుపడరు.

ఒక సంతోషం కూడా చెప్పాలి. 2016లో జిల్లాలు విడిపోయి, 2019లో నారాయణపేట కూడా వచ్చాక పాత పాలమూరు ఐదు జిల్లాలైంది. మీ నల్గొండ మూడైంది. ఒకప్పుడు జిల్లా జట్టు అంటే పన్నెండు మందే. ఇప్పుడు ప్రతి జిల్లా ఒక జట్టు కట్టాలి కాబట్టి ఇంకెందరో పిల్లలకు జెర్సీ వేసుకునే అవకాశం వచ్చింది. వాళ్లు ఆడేందుకు పోటీలు మాత్రం అంత పెరగలేదు. మీరు పెట్టేది అందుకే నాకు ఇంత ముఖ్యం.

స్కోరుబల్ల:
వివాదాలు వచ్చే చోట్లు మూడు, ముందే రాసుకోండి. జట్టుకు పన్నెండు మంది పేర్లు మొదటి మ్యాచ్‌కు ముందే ఇవ్వాలి, ఒకరి పేరు రెండు జట్లలో ఉండకూడదు. సమయానికి పదిహేను నిమిషాల తరువాత కూడా ఐదుగురు కోర్టులో నిలబడలేకపోతే ఎదుటి జట్టుకు 20–0 గెలుపు, రాని జట్టుకు సున్నా పాయింట్లు. బస్సు ఆలస్యమైన జట్టు ఫోను చేస్తే ఎదుటి జట్టు ఒప్పుకుంటే మ్యాచ్‌ను కిందికి జరపవచ్చని కూడా రాయండి, దానికోసమే రోజుకు కొంత ఖాళీ ఉండాలి. మూడోది, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? కోర్టులో రిఫరీ, కోర్టు బయట ముగ్గురి కమిటీ. ఆ ముగ్గురిలో ఆడుతున్న జట్ల వాళ్లు ఉండకూడదు.

స్కోరు షీటు రాసేవాళ్లను ఆదరించండి. ఒక్కో ఆటగాడి ఐదు ఫౌళ్లు, క్వార్టర్‌కు జట్టు ఫౌళ్లు, టైమ్ అవుట్లు అన్నీ ఒకే కాగితం మీద. క్వార్టర్‌లో జట్టు ఫౌళ్లు నాలుగు దాటితే ఐదో దాని నుంచి రెండేసి ఫ్రీ త్రోలు. ఇది ఒక్కటి తప్పుగా రాస్తే మ్యాచ్ ఫలితమే తారుమారవుతుంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కరినే కూర్చోబెట్టవద్దు.

దేవరకొండ గార్డ్:
అమ్మాయిల లీగ్‌లో రోజుకొక రౌండ్, రౌండ్‌కు రెండు మ్యాచ్‌లు. బలమైనవని ముందే తెలిసిన రెండు జట్లను మొదటి రోజే కలపండి. మూడో రోజు ఉదయం కలిపితే అదే ఇద్దరు మళ్లీ సాయంత్రం ఫైనల్లో కలవవచ్చు, ఉదయం ఎవరూ మనసు పెట్టి ఆడరు.

కోదాడ ఫార్వర్డ్:
నాకౌట్ కావాలన్నది నేనే. క్వార్టర్స్ నుంచి నాకౌట్ ఎలాగూ ఉంది కాబట్టి నాకు తృప్తి. మా జట్టును మూడో వరుసలో పెట్టమని మాత్రం కోరుతున్నాను, కోదాడ నుంచి ఉదయం ఏడు గంటల మ్యాచ్‌కు రావడం కష్టం.

నీలగిరి కోర్టు:
అందరి మాటలూ కలిపి ఇలా వేశాం.

మొదటి రోజు ఏడు, ఎనిమిది గంటలకు ఏ, బి గ్రూపుల మొదటి మ్యాచ్‌లు, తొమ్మిది, పదికి అమ్మాయిలు, పదకొండు, పన్నెండుకు సి, డి గ్రూపులు. ఒంటిగంటకు భోజనం. రెండు నుంచి ఆరు దాకా నాలుగు గ్రూపుల రెండో మ్యాచ్‌లు అదే వరుసలో. ఉదయం ఏడింటికి గెలిచినవాళ్లు రెండింటికి, పన్నెండింటికి గెలిచినవాళ్లు ఐదింటికి ఆడతారు కాబట్టి అందరికీ విశ్రాంతి ఉంటుంది. రెండో రోజు భోజనం దాకా అదే వరుస, చివరి గ్రూపు మ్యాచ్‌లతో. రెండింటి నుంచి క్వార్టర్లు: ఏ, బి జట్లవి ముందు, సి, డి జట్లవి తరువాత. మూడో రోజు ఏడే మ్యాచ్‌లు: అమ్మాయిల చివరి రౌండ్, సెమీస్, మూడో స్థానం, ఆపై అమ్మాయిల ఫైనల్, చివరగా అబ్బాయిల ఫైనల్. ఫైనళ్లు రెండూ పది నిమిషాల క్వార్టర్లతో, గడియారం ఆపుతూ.

కోదాడ తమ్ముడూ, మీ జట్టు మూడో వరుసలోనే ఉంది. తేదీల గురించి ఒక మార్పు: పండుగ రోజుల్లో పిల్లలను ఇంటి నుంచి కదిలించలేం, భోగికి ముందు మూడు రోజులు తీసుకున్నాం. చీటీలు వచ్చే ఆదివారం ఉదయం కోర్టు దగ్గరే తీస్తాం. రాలేని కెప్టెన్లు ఫోనులో చూడవచ్చు. గద్వాల సార్, మీతో పాటు ఇంకా ముగ్గురు రిఫరీలు కావాలి.

గద్వాల విజిల్:
ఇద్దరు ఒప్పుకున్నారు, మూడో వ్యక్తిని రేపు అడుగుతాను. స్కోరు షీట్లు యాభై ముద్రించండి, ప్రతి మ్యాచ్‌కూ ఒకటి, చెడిపోయే వాటికి మిగతావి. రెండో స్టాప్‌వాచ్ నేను తెస్తాను. రింగు ఎత్తు 3.05 మీటర్లు ఉందో లేదో టేపు పెట్టి ఈ వారమే కొలవండి, పాత సిమెంటు స్తంభాలు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి.